నడిసముద్రంలో పిట్టకు పెట్టిన ముద్ద

అట్లాంటిక్ మహాసముద్రాన్ని నేను పద్నాలుగు సార్లు దాటాను. అది ఏ రంగులో ఉంటుందని ఎవరైనా అడిగితే తెలుపు అని చెబుతాను. ఓడ అడుగున ఇస్త్రీ గదిలో నేను చూసినవి దుప్పట్లు, భోజనాల బల్లల మీద పరిచే గుడ్డలు, దొరల చొక్కాలు. గాలి పీల్చుకోవడానికి మాకు వదిలిన చోటు ఓడ తోక. అక్కణ్ణుంచి కనబడేది నురుగు. అదీ తెలుపే.

ఏడో తరగతిలో మా సారు గోడకు ప్రపంచ పటం తగిలించి అట్లాంటిక్ ఎక్కడుందో చూపించమంటే, నేను పటం దాటి పక్కకు పోయి గోడ మీద చెమ్మ మరక చూపించాను. క్లాసంతా నవ్వింది. వాళ్ల నవ్వుకు ఉబ్బిపోయి రెండోసారీ అదే మరక చూపించాను. ఆ ఏడాదే చదువు నన్ను వదిలేసింది. నేనే వదిలేశానని హైదరాబాద్‌లో మా కిషన్‌బాగ్ అంతా చెప్పుకుని తిరిగాను. తర్వాత ఎన్నిసార్లు దాటితే ఏం లాభం, ఆ సముద్రం గురించి నాకు తెలిసింది ఆ మరకకు మించి లేదు.

నన్ను ఓడ ఎక్కించింది జహనుమాలో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్న ఒక పెద్దాయన. చుట్టం కాదు. మా నాయనకు దోస్తు కాబట్టి ఆయన్ని కాక అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలిచేవాణ్ణి. వాళ్లకు పిల్లలు లేరు. షేర్వానీ ఇస్త్రీ చేయాలంటే పాత బస్తీలో ఆయన తర్వాతే ఎవరైనా. ఫలక్‌నుమా దగ్గర ఒక పెళ్లిలో, ఓడ కంపెనీకి మనుషుల్ని కుదిర్చే బొంబాయి ఆసామి ఒకడు పెళ్లికొడుకు షేర్వానీని చూసి, పెళ్లికొడుకుని వదిలేసి, దీన్ని ఇస్త్రీ తోమినవాడెవడని అడిగాడు. అట్లా మొదలైంది. కాక ఒక్కడే పోనన్నాడు. "నాకు ఆ భాష రాదు. గీ పోరనికి అంగ్రేజీ వస్తది, ఈన్ని సుత తీస్కపోతే వస్త" అని నన్ను చూపించాడు. నాకు అంగ్రేజీ వస్తుందని ఆయనకు చెప్పింది నేనే. అప్పటికి నాకు వచ్చిన అంగ్రేజీ మూడు మాటలు. ఎస్, నో, సారీ. ఓడలో నిజానికి మూడోది ఒక్కటే పనికొచ్చింది.

అవి డెబ్బైల నాటి మాటలు. అప్పటికి విమానాలు వచ్చేశాయి. ఇంగ్లండు నుంచి న్యూయార్కుకు ఆరు రోజులు ఓడలో పోయేవాళ్లంటే తొందర లేనివాళ్లు. వాళ్ల కోసం ఓడలో నాట్యశాల, తోట, కుక్కలకు వేరే గదులు. సముద్రం మీద పోతూ ఈత కొట్టడానికి లోపల మళ్లీ ఒక చెరువు. పొద్దున ఒక బట్ట, పగలు ఒక బట్ట, సాయంత్రం భోజనానికి ఇంకో బట్ట. ఒకావిడ తన కుక్క కోటును ఇస్త్రీకి పంపింది. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాలుగు చేతులున్నయి గదరా, ఏ దేశపాయనది?" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన నాకంటే ముందు జోకేశాడు. తర్వాత అంతా నాదే రాజ్యం.

కాకకు ఒక అలవాటు. ఇత్తడి చెంబులో నీళ్లు పక్కన పెట్టుకుని, ఒక గుక్క నోట్లోకి తీసుకుని, బుగ్గలు పూరించి ఫూ అని ఊదేవాడు. బట్ట మీద మంచు పడ్డట్టు పడేవి. పెద్ద చుక్క ఒక్కటి ఉండేది కాదు. జహనుమాలో ఆ ఊదుడు చూడటానికి సైకిళ్లు ఆపుకుని నిలబడేవారు. ఓడ ఎక్కిన మొదటి వారంలోనే ఎవరో దొర భోజనపు చొక్కా మీద అట్లాగే ఊదాడు. మా మీద పెద్దగా ఉన్న ఇంగ్లీషు మేస్త్రీ వెనకే నిలబడి ఉన్నాడు. ఇక అరిచాడు. గదిలో ఆవిరి యంత్రాల చప్పుడును కూడా మించిపోయి అరిచాడు.

"ఏమంటుండురా?" అన్నాడు కాక.

"నీ పని జూసి మస్తు ఖుష్ అయితుండు కాకా."

"ఖుష్ అయితే మెడ నరాలు గట్ల ఉబ్బుతయా?"

"వీళ్ల ఖుషీ గట్లనే ఉంటది."

కాక మేస్త్రీకి వంగి సలాం చేసి, ఇంకో గుక్క తీసుకుని, రెండో చొక్కా మీద ఊదాడు. ఆ రోజు ఆయన ఉద్యోగం పోకుండా ఆపింది నా సారీ. పదిసార్లు అన్నాను. ఆ తర్వాత నీళ్లు చిమ్మే సీసా ఒకటి ఇచ్చారు. అది బట్ట మాట వినిపించుకోదని కాక చివరిదాకా గొణుగుతూనే ఉన్నాడు. చెంబును మాత్రం పారేయలేదు. చేతి గడియారంలో ముల్లును కూడా ఆయన మార్చలేదు. పడమటికి పోతుంటే ఓడలో రోజూ గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పేవారు. కాకది మాత్రం హైదరాబాద్ టైమే. చూసుకుని, "ఇగ మీ చిన్నమ్మ చాయ్ పెడుతుంటది" అనేవాడు.

పని అయ్యాక ఇద్దరం ఓడ తోక మీదికి వెళ్లి తాళ్ల చుట్ట మీద కూర్చునేవాళ్లం. ఒకనాడు కాక నురుగును చాలాసేపు చూసి అన్నాడు:

"ఏందిరా గిది, ఎప్పుడు జూసినా వచ్చిన తొవ్వనే కనబడుతది. పోయే తొవ్వ ఎన్నడు కనబడదా?"

"ముందటికి పోతే కనబడుతది కాకా. నేను చూసిన గద."

నేను చూడలేదు. ముందు భాగమంతా ప్రయాణికులది. కంబళ్లు కప్పుకుని కుర్చీల్లో పడుకునేవాళ్లది. ఇస్త్రీ గది వాళ్లం అక్కడ అడుగు పెట్టకూడదు. ఇస్త్రీ చేసిన కోట్లను మోసుకుపోయి మూడు అంతస్తుల పైన ఒక చిన్న గదిలో పనివాళ్లకు అందించి రావడమే నా పై లోకం. కాని చూశానని అన్నాక ఏం చూశానో చెప్పాలి కదా.

"ఏముంటది గాడ?"

"నడి సముద్రంల ఒక గొలుసు ఉంటది కాకా. దానికి ఎర్ర పీపాలు కట్టి ఉంటయి, వరుసకు. గా వరుస దాటితే సగం దూరం అయినట్టు. దాటేటప్పుడు కప్తాన్ టోపీ తీస్తడు. ఒక్కో పీపా మీద ఒక్కో పిట్ట కూసుంటది."

"గంత దూరంల పిట్టలు ఏం తింటయిరా?"

"కప్తాన్ వేస్తడు."

కాక నమ్మాడు. కప్తాన్ మీద ఆయనకు గౌరవం పెరిగింది కూడా. "నాకొకసారి చూపియ్యరా" అన్నాడు. "రేపు కాకా" అన్నాను. రేపు వాన అన్నాను. ఎల్లుండి పెద్దాఫీసరు అక్కడే ఉన్నాడన్నాను. ఆ ప్రయాణంలో పీపాలు రాత్రిపూట దాటిపోయాయన్నాను. తిరుగు ప్రయాణంలో మంచు కమ్మిందన్నాను. నాలుగు ప్రయాణాలు అట్లా రేపు రేపని తిప్పాను. అడిగిన ప్రతిసారీ నాకొక కొత్త సాకు దొరికేది. దొరికినందుకు లోపల్లోపల నా తెలివిని నేనే మెచ్చుకునేవాణ్ణి.

ఆయనకు రాయడం రాదు. చిన్నమ్మకు ఉత్తరాలు ఆయన చెబితే నేను రాసేవాణ్ణి. "పీపాల సంగతి రాయి" అనేవాడు. "నేను ఇంకా చూడలే, పోరడు చూసిండు, వచ్చే ట్రిప్పుల నాకు చూపిస్తడు అని రాయి." నా అబద్ధాన్ని నా చేత్తోనే రాసి, నాలుకతో తడిపి అతికించి పంపాను.

అయిదో ప్రయాణం. ఓడ కదిలిన రెండో రోజు, పగలు. బల్ల గుడ్డలు తోముతున్నాం. కాక ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి, దుప్పట్ల మూట మీద కూర్చున్నాడు.

"జర చాయ్ చెప్పురా."

"ఇరానీ హోటల్ దూరముంది కాకా, టైం పడుతది" అని వెళ్లాను.

చాయ్ తెచ్చేసరికి మూటకు ఆనుకుని, తల పక్కకు వాల్చి ఉన్నాడు. నేను ఆయన్ని ఎన్నోసార్లు ఆట పట్టించాను కాబట్టి ఇప్పుడు ఆయన వంతు అనుకున్నాను. "లే కాకా, గీ నాటకం నాకెరుకే" అన్నాను. లేవలేదు. "చాయ్ చల్లారితే మల్ల నన్నే తిడుతవు" అన్నాను. దానికీ లేవలేదు. ఇంకొకటి కూడా ఏదో అన్నాను. అది ఏమిటో నాకు జ్ఞాపకం ఉంది గాని రాయను. ఒక మనిషి చనిపోయాక కూడా నేను మూడు జోకులు వేశాను. నా జీవితంలో ఎవరూ నవ్వని జోకులు అవే.

గుండె అన్నాడు డాక్టరు. మధ్యాహ్నం ఒక ఆఫీసరు నన్ను పిలిపించాడు. పనివాళ్ల వంటగదిలో వంట చేసే గోవా ఆయన నాకు హిందీలో, ఆయనకు ఇంగ్లీషులో అటూ ఇటూ చెప్పాడు. శవాన్ని న్యూయార్కు దాకా చల్లటి పెట్టెలో ఉంచి అక్కడ దింపవచ్చు. అక్కణ్ణుంచి ఇంటికి చేరేసరికి కాగితాలన్నీ అయ్యి ఎన్ని వారాలో చెప్పలేరు. లేదా సముద్రంలో విడిచిపెట్టవచ్చు. మీవాళ్లలో ఏం చేస్తారు అని అడిగాడు. పూడుస్తాం అన్నాను. ఆఫీసరు గుండ్రటి కిటికీ వైపు చూశాడు. నేనూ చూశాను. అవతల పూడ్చడానికి గుప్పెడు మట్టి లేదు. జహనుమాలో ఫోను లేదు. చిన్నమ్మను అడిగే దారి లేదు. ఆ ఓడలో కాకకు అయినవాణ్ణి నేనొక్కణ్ణే, అది కూడా వరస కలుపుకున్నవాణ్ణి. సరే అన్నాను. సంతకం పెట్టమంటే నా పేరులో ఒక అక్షరం తప్పు పోయింది.

శవానికి పైన మందపు గుడ్డ చుట్టి కుడతారట. లోపల చుట్టడానికి ఒక తెల్ల దుప్పటి నేను ఇస్త్రీ చేసి ఇస్తానన్నాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక సీసా కోసం చెయ్యి చాపి, ఆపి, కాక చెంబు తీశాను. గుక్క పట్టి ఊదాను. చుక్కలు పడ్డాయి, శనగ గింజలంత. ఇంకో గుక్క. అవీ అంతే. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. అరుస్తాడనుకున్నాను. ఆయన ముఖం తిప్పుకుని గోడ గడియారం చూడటం మొదలుపెట్టాడు. నేను దుప్పటంతా అయ్యేదాకా ఆ గడియారాన్నే చూశాడు. కాక ఊదినట్టు నాకు ఒక్క గుక్కా రాలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, ప్రయాణికులు లేవకముందే, ఓడ నడక తగ్గించారు. తోక వైపు కింద ఒక తలుపు తెరిచారు. ఆఫీసరు ఏదో చదివాడు. గోవా ఆయన శిలువ గుర్తు వేసుకున్నాడు. నేను రెండు బియ్యపు గింజలు చల్లి, "పోయి రా కాకా" అన్నాను. వచ్చిన తొవ్వలోకే జారిపోయాడు. నురుగు కాసేపు ఎక్కువైంది, మళ్లీ మామూలైంది.

మూడో రోజు మావాళ్లలో పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందన్నమాట. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, నీ ఇల్లు చూసుకుంటాం, నీవాళ్లను చూసుకుంటాం అని మాట ఇస్తారు. ఏ మాటకు కాకి వచ్చి వాలితే అదే ఆ మనిషి కోరిక.

నేను గోవా ఆయన దగ్గరికి పోయి ఒక పళ్లెంలో అన్నం, మాంసం కూర, ఒక గ్లాసు చాయ్ అడిగాను.

"కిస్‌కే లియే?"

"కౌవే కే లియే," కాకి కోసమని చెప్పాను.

గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "సముందర్ మే కౌవా కిధర్ హై, భాయ్?" అన్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బాగా ఆలోచించి, పళ్లెంలో ఒక వేయించిన చేప పెట్టాడు. ఈ పిట్టలు అన్నం తినవు, చేప వాసనకు వస్తాయి అన్నాడు. కాక పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. వాసన వస్తే ముక్కు మూసుకునేవాడు. ముద్ద కాకది, తినేది పిట్ట. ఎవరి ఇష్టం చూడాలి? నాకు చెప్పేవాళ్లు లేరు. చేప తీసి పక్కన పెట్టి, అన్నం పళ్లెం పట్టుకుని తోక మీదికి పోయాను.

పళ్లెం కమ్మీ దగ్గర పెట్టి తాళ్ల చుట్ట వెనక నక్కాను. ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో దూరాన నీళ్లకు ఆనుకుని ఒకటి రెండు నల్లగా ఎగురుతున్నాయి. అవి ఓడ వైపు చూడనైనా చూడలేదు. అన్నం మీద ఉప్పు గాలి కొట్టి పొర కట్టింది. నేను లేచి ముందుకు వచ్చి, గాలిలోకి మాట ఇవ్వడం మొదలుపెట్టాను. చిన్నమ్మను చూసుకుంట కాకా. నీ దుకాణం మూతపడనియ్య. ఇగ ఎవ్వరినీ ఆట పట్టియ్య. పనివాళ్లు ఇద్దరు సిగరెట్లు కాల్చుకుంటూ నన్ను చూసి, కొత్త వేషం అనుకుని నవ్వారు. నాకు పేరు అట్లా పడిపోయింది మరి. సాయంత్రం దాకా ఒక్క పిట్ట రాలేదు. ఎర్ర పీపాల మీద వరుసగా కూర్చోబెట్టినవాణ్ణి నేనే కదా, ఒక్కటి రమ్మంటే రాలేదు.

ఏ మాట ఇస్తే వస్తుందో నాకు లోపల తెలుసు. ఆ మాట ఒక్కటే నేను అనలేదు.

మర్నాడు మళ్లీ పెట్టాను. ఈసారి చేప కూడా పెట్టాను. అన్నం కింద దాచి పెట్టాను, కాకకు కనబడకూడదన్నట్టు. మధ్యాహ్నం దాటాక పెద్ద తెల్ల పిట్టలు వచ్చాయి. ఒకటి రెండు కాదు, ఒక గుంపు. అమెరికా ఒడ్డు ఇంకో రోజు దూరం ఉందనగా వస్తాయట అవి. వంటగది వాళ్లు చెత్త గుమ్మరించే వేళ అది. ఉల్లిపొట్టు, రొట్టె ముక్కలు, నా పళ్లెం, దేన్నీ వదల్లేదు. ఒకటి నా పళ్లెంలో కాలు పెట్టి, చేపను లాక్కుని, అన్నం చిందరవందర చేసి పోయింది. ముట్టిందా అంటే ముట్టింది. తృప్తి కోసం ముట్టిందా, చేప కోసం ముట్టిందా?

ఒప్పందం ప్రకారం ఇంకో నాలుగు నెలలు పని చేయాలి. ఆ నాలుగు నెలల్లో చిన్నమ్మకు ఉత్తరం రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రెండో వాక్యంలో ఏదో ఒక ఎకసెక్కెం వచ్చి పడేది. చించేసేవాణ్ణి. కంపెనీ బొంబాయి ఆఫీసు తంతి పంపిందని మాత్రం చెప్పారు. కాక గడియారానికి రోజూ చావి తిప్పాను. ఒకసారి గోవా ఆయన, ముందు భాగానికి బట్టలు మోసే పని ఇవాళ నీకు ఇప్పిస్తాను, వస్తావా అన్నాడు. కోటు గుండీలు కూడా పెట్టుకున్నాను. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. కాక చూడని సముద్రాన్ని నేనొక్కణ్ణే పోయి చూసి రావడానికి కాళ్లు రాలేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజు కిషన్‌బాగ్ నుంచి జహనుమాకు సైకిలు మీద బయలుదేరాను. క్యారియర్ మీద కాక బట్టల పెట్టె. బహదూర్‌పురా దగ్గర జంతువుల పార్కులో సింహం అరుస్తుంటే ఆగి, చెప్పబోయేది ఒకసారి వల్లించుకున్నాను. మూడో రోజే పిట్ట వచ్చింది. తెల్లటి పెద్ద పిట్ట. పళ్లెం పెట్టంగనే వచ్చింది. అంతే. చిన్న అబద్ధం. ఒక ముసలావిడ నిద్రపోవడానికి సరిపోయేంత.

చిన్నమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. ఏడవలేదు. పెట్టె తెరిచి ఒక్కొక్కటే తీసింది. లుంగీలు, కళ్లజోడు, ఇత్తడి చెంబు. గడియారం చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, లోపల గోడ గడియారం వైపు చూసింది. పన్నెండు నిమిషాలు వెనకబడి ఉంది.

"పిట్ట ముట్టిందా?" అంది.

"ముట్టింది చిన్నమ్మా. మూడో రోజే. తెల్లటి పెద్ద పిట్ట. పెట్టంగనే వచ్చింది."

సరే అన్నట్టు తల ఊపి, లోపలికి పోయి స్టవ్ మీద చాయ్ పెట్టింది. అక్కణ్ణుంచే మాట్లాడటం మొదలుపెట్టింది.

"తంతి వచ్చినంక మేము సుత పెట్టినం బిడ్డా. మూసీ ఒడ్డుకు పోయి పెట్టినం. కాకులకు తక్కువనా గాడ? గోడ మీద నిండ కూసున్నయి. ఒక్కటి దిగలే. మా తమ్ముడు అన్నడు, అక్కను నేను చూసుకుంట బావా అని. దిగలే. వాడకట్టు పెద్దమనిషి అన్నడు, దుకాణం నడిపిస్తం అని. దిగలే. పొద్దెక్కింది, అందరికీ ఆకలైతుంది. ఇగ నేనే పోయిన ముందటికి."

రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి కూర్చుంది.

"నువ్వెట్ల పోయినవో, నీకు ఏం మిగిలిందో నాకెరుక లేదయ్యా అన్న. నీ ఎంబడి ఉన్న గా పోరడొక్కడికే ఎరుక. వాడు వచ్చి నాకు నిజం జెప్తడు, నువ్వు ఫికర్ చెయ్యకు, తిను, అన్న. గప్పుడు దిగింది."

వీధిలో మేకల్ని తోలుకుపోతున్నారు. ఆ గంటలు దూరమయ్యాయి. మూసీ ఒడ్డున ఆమె నా తరఫున మాట ఇచ్చేసింది. కాకి నమ్మి తినేసింది. ఇప్పుడు ఆ మాట నిలబెట్టేవాణ్ణి నేనే. చిన్న అబద్ధం ఇప్పుడే కదా చెప్పాను, ఇంకా నాలుక మీదే ఉంది.

"చిన్నమ్మా, మూడో రోజు రాలే."

"ఊఁ."

"నాలుగో రోజు వచ్చినయి. చేప పెడితే వచ్చినయి. అన్నం కింద దాచి పెట్టిన. కాక చేప తినడని ఎరుకుండే పెట్టిన."

ఆమె ముఖం చూడకుండా గ్లాసు అంచు చూస్తూ మిగతాది కూడా చెప్పాను. పోయే తొవ్వ చూడాలని కాక అడిగింది. నాలుగు ప్రయాణాలు రేపు రేపని నేను తిప్పింది. దుప్పటి మీద నేను ఊదితే శనగ గింజలు పడ్డది. చాయ్ కోసం పోతూ అన్న ఇరానీ హోటల్ మాట. చనిపోయాక వేసిన మూడు జోకులు కూడా. ఇక్కడ రాయనన్నది ఆమెకు చెప్పాను.

"గా ఎర్ర పీపాలు?" అంది.

"లేవు చిన్నమ్మా. నేనే పుట్టిచ్చిన. ముందటికి నేను సుత ఎన్నడు పోలే. నాకు సుత ఎరుక లేదు ఆడ ఏముంటదో."

"వాడకట్టు మొత్తానికి చెప్పిన గదరా. కప్తాన్ టోపీ తీస్తడని సుత చెప్పిన."

ఒక్క క్షణం ఆమె నోరు వణికింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. కొంగుతో ముఖం తుడుచుకుని, గడియారం ముల్లును పన్నెండు నిమిషాలు ముందుకు జరిపి, చేతికి పెద్దదైనా పెట్టుకుంది.

"ఆయనను నేను మోసం చేసిన చిన్నమ్మా," అన్నాను. "అందుకే పిట్ట ఆయన కోసం రాలే. రెండు దినాలు పళ్లెం పట్టుకొని తిరిగిన. గాలిలకు మొక్కిన, మాటలిచ్చిన. రాలే."

చిన్నమ్మ నా వైపు చాయ్ గ్లాసు జరిపింది.

"రెండు దినాలకే ఇడిసిపెట్టిండా నిన్ను? మెత్తటి మనిషి మీ కాక. నేనైతేనా, గా పళ్లెం పట్టిచ్చి బొంబాయి దాంక తిప్పుతుంటి."